టీవీ కింద ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్: సెమిలిగుడ ఇంటి హాలులో ఏది ఎంత ఎత్తున ఉండాలి?

కొండగాలి_సెమిలిగుడ
ఒడిశా కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో మేము కట్టుకుంటున్న ఇంటికి వచ్చే వారం లోపలి గోడల ప్లాస్టరింగు మొదలవుతుంది. హాలు పదహారు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉంటుంది. పొడవు గోడకు టీవీ బిగించి, దాని కింద ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్ పెట్టించాలని మా ఇంట్లో అందరికీ కోరికగా ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి రాత్రులు ఎలా ఉంటాయో ఈ కొండల మీద కాపురం ఉంటున్నవారికి నేను చెప్పనక్కరలేదు.

సాలూరు నుంచి వచ్చిన వడ్రంగి తన ఫోనులో ఒక నమూనా చూపించారు. అందులో మంట నడుము ఎత్తున, టీవీ దాదాపు సీలింగు కింద ఉన్నాయి. చూడడానికి ముచ్చటగానే ఉంది కానీ, రోజూ తలెత్తి చూడగలమా అన్నది మొదటి సందేహం. కింద నుంచి వచ్చే వేడికి టీవీ పాడవుతుందా అన్నది రెండవది. ప్లాస్టరింగు అయ్యాక మళ్లీ గోడకు గాడులు కొట్టించడం ఇష్టం లేదు కనుక, వైరింగు ఎలా ఉండాలో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

వైరింగ్_సూరి
టీవీ ఎన్ని అంగుళాలు, సోఫాలో కూర్చున్నవారి కంటికీ గోడకూ మధ్య ఎంత దూరం, ఫైర్‌ప్లేస్ ఎన్ని వాట్లు, వేడి గాలి దాని పై భాగం నుంచి వస్తుందా, ముందు వైపు కింద నుంచి వస్తుందా? ఈ నాలుగూ తెలియకుండా ఎవరు ఏం చెప్పినా అది ఊహే అవుతుంది.

కొండగాలి_సెమిలిగుడ
టీవీ 55 అంగుళాలది. సోఫా ఎదుటి గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి కంటికీ తెరకూ మధ్య తొమ్మిది అడుగులకు కాస్త ఎక్కువ దూరం ఉంటుంది. ఫైర్‌ప్లేస్ ఇంకా కొనలేదు. విశాఖపట్నంలో చూసినవాటిలో 50 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్నది నచ్చింది. దాని హీటరు 2000 వాట్లు. వేడి గాలి ఎటు నుంచి వస్తుందో అడగాలన్న ఆలోచన అప్పుడు రాలేదు.

సునాబెడ_క్వార్టర్స్
మీ వడ్రంగి చూపిన నమూనా కట్టెలు కాల్చే దేశాల ఇళ్లను చూసి గీసినదై ఉంటుంది. అక్కడ కట్టెల పొయ్యికి ఇటుకల గూడు, పొగగొట్టం ఉంటాయి కనుక దాని మీది అరుగు నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తుకు చేరుతుంది. టీవీకి ఆ పైనే చోటు దొరుకుతుంది. ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్‌లో కాలేది ఏమీ లేదు. ఎల్‌ఈడీ దీపాల వెలుగు తిరుగుతున్న అద్దపు రేకుల మీద పడి తెర మీద మంటలా కనిపిస్తుంది, వేడిని మాత్రం విడిగా ఉన్న కాయిలు, ఫ్యాను ఇస్తాయి. పొగగొట్టం అక్కరలేనప్పుడు దాన్ని నేలకు దగ్గరగా దించుకునే స్వేచ్ఛ మనకు ఉంది. ఆ స్వేచ్ఛను వాడుకోకుండా బొమ్మలో ఉన్న ఎత్తునే మళ్లీ కట్టించుకోవడంలో అర్థం లేదు.

కాబట్టి కొలతలు మంట దగ్గర కాక, మనిషి కంటి దగ్గర మొదలుపెట్టండి. సోఫాలో కూర్చున్న పెద్దవారి కన్ను నేల నుంచి సుమారు 41 అంగుళాల ఎత్తున ఉంటుంది. 55 అంగుళాల టీవీ నిలువు 27 అంగుళాలు. ఇప్పుడు కింది నుంచి లెక్క కట్టుకుందాం. నేల తుడవడానికి వీలుగా 8 అంగుళాలు వదిలి ఫైర్‌ప్లేస్ పెడితే, దాని పై అంచు 26 అంగుళాల దగ్గరకు వస్తుంది. ఆ పైన ఒక అడుగు ఖాళీ వదిలితే టీవీ కింది అంచు 38 దగ్గర, తెర మధ్య భాగం 51న్నర దగ్గర ఉంటాయి. కంటి మట్టం కంటే ఇది పదిన్నర అంగుళాలే ఎక్కువ. మీ దూరానికి తల ఎత్తవలసిన కోణం 5 డిగ్రీలకు కాస్తే ఎక్కువ. అదే వడ్రంగి నమూనా ప్రకారం టీవీ కింది అంచు 56 అంగుళాల దగ్గర పెట్టి చూడండి. తెర మధ్యకు 14 డిగ్రీలు, పై అంచుకు 20 డిగ్రీలు తల ఎత్తాలి. రెండు గంటల సినిమా చివరికి మెడ ఏమంటుందో వేరే చెప్పాలా?

పర్లాకిమిడి_పద్మ
నాకు అసలు ఆలోచనే నచ్చలేదని మర్యాదగానే చెబుతున్నాను. మంట కదులుతూ ఉంటుంది, తెర మీది బొమ్మా కదులుతూ ఉంటుంది. రెండింటినీ ఒకదాని కింద ఒకటి పెడితే కన్ను దేని మీదా నిలవదు. మంట పైన గోడను ఖాళీగా వదలండి, లేదా చేత్తో వేసిన ఒక చిత్రం ఉంచండి. మా గజపతి జిల్లాలోనూ రాయగడలోనూ సవరలు గోడల మీద వేసే ఇడితల్ చిత్రాలు ఉన్నాయి. ఎర్రమట్టి రంగు మీద తెల్లని సన్నని గీతలు ఆ మంట వెలుతురులో ఎంత శోభిస్తాయో ఊహించండి. టీవీని పక్క గోడకు మార్చుకోవచ్చు.

సునాబెడ_క్వార్టర్స్
పద్మగారూ, కన్ను చెదరడం గురించి మీరు అన్నది నిజం. అయితే దాదాపు అన్ని మోడళ్లలోనూ మంట వెలుగును తగ్గించే వీలు, పూర్తిగా ఆపి హీటరు ఒక్కటే నడిపే వీలు ఉంటాయి. కొనేముందు రిమోట్ తీసుకుని ఈ రెండూ విడివిడిగా పనిచేస్తున్నాయో లేదో చూడాలి. పన్నెండు అడుగుల వెడల్పు గదిలో టీవీని పక్క గోడకు మారిస్తే సోఫాను కూడా తిప్పాలి, అప్పుడు నడవడానికి దారి ఉండదు.

పర్లాకిమిడి_పద్మ
గది చిన్నదన్న మాటకు ఒప్పుకుంటాను. నా ఇల్లు అయితే మాత్రం టీవీనే తగ్గించుకుంటాను, మంటను కాదు.

కోరాపుట్_జయంతి
వేడి సంగతి తేలికగా తీసుకోవద్దు. మా బంధువుల ఇంట్లో ఇలాగే టీవీ కింద ఫైర్‌ప్లేస్ పెట్టి, చుట్టూ పీవీసీ ప్యానెళ్లు అంటించారు. వేడి గాలి పై అంచు నుంచి బయటికి వచ్చే రకం అది. ఒక చలికాలం గడిచేసరికి సరిగ్గా ఆ గాలి తగిలే చోట ప్యానెళ్లు రెండు జానల మేర ఉబ్బి, అతుకులు విడిపోయాయి. అంటించిన జిగురు పసుపుపచ్చగా బయటికి వచ్చింది. టీవీకి ఏమీ కాలేదు, కానీ దాని కింది అంచు చేత్తో తాకితే అన్నం పళ్లెం అడుగులా వేడిగా ఉండేది. ఇప్పుడు ఆ హీటరు వాడడం మానేసి మంట బొమ్మ ఒక్కటే చూసుకుంటున్నారు.

వైరింగ్_సూరి
జయంతిగారు చెప్పిన ఇంట్లో రెండు లోపాలు కలిశాయి. మొదటిది గాలి బయటికి వచ్చే దిక్కు, రెండవది గోడకు వాడిన సరుకు. చాలా కంపెనీల టీవీలు చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీల సెల్సియస్‌కు మించకూడదని మాన్యువల్లోనే రాస్తాయి. హీటరు గాలి వచ్చే రంధ్రం దగ్గర అంతకంటే చాలా ఎక్కువ వేడి ఉంటుంది, కానీ గదిలోకి పోయేకొద్దీ అది చల్లబడుతుంది. అందుకని గాలి ముందుకు, వీలైతే కింది అంచు నుంచి ముందుకు వచ్చే మోడలే తీసుకోవాలి. పై అంచు నుంచి వచ్చేదే నచ్చితే, దానికీ టీవీకీ మధ్య గోడ నుంచి ఎనిమిది అంగుళాలైనా ముందుకు పొడుచుకువచ్చే పలక ఉండాలి. పైకి లేచే గాలిని ఆ పలక గదివైపు మళ్లిస్తుంది.

ఫైర్‌ప్లేస్ లోపలికి ఒదగాలంటే గోడ ముందు ఆరేడు అంగుళాల లోతున మరో గోడ లేపవలసి వస్తుంది. దానికి జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) చానళ్లు, సిమెంటు బోర్డు లేదా కాల్షియం సిలికేట్ బోర్డు వాడండి. పీవీసీ, చార్‌కోల్ లూవర్ల (గాడులున్న అలంకరణ ప్యానెళ్ల) వంటివి ఆ పరిసరాల్లో వద్దు. ప్లైవుడ్ వాడాలనుకుంటే ఫైర్‌ప్లేస్ మాన్యువల్లో రాసిన దూరం పాటించాలి. వడ్రంగి చెప్పిన దూరం కాదు. టీవీ బ్రాకెట్‌ను మాత్రం బోర్డుకు కాక, వెనుక ఉన్న ఇటుక గోడకు పట్టు దొరికేలా లోపల ఇనుప ఫ్రేము ఇప్పించి బిగించాలి.

ఇక కరెంటు. 2000 వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. టీవీకి వేసే 6 ఆంపియర్ల సాకెట్టుకు ఇది తగిలించకూడదు, ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలే వద్దు. మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను, 4 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు తనే ఆపే స్విచ్చి), సరైన ఎర్తింగు ఉండాలి. 2.5 వైరు కూడా మోస్తుంది కానీ, దూరం ఎక్కువైతే వోల్టేజీ పడిపోతుంది. సాకెట్టును ఫైర్‌ప్లేస్ వెనుక కాకుండా పక్కన, చెయ్యి అందే చోట పెట్టించండి. టీవీ వెనుక నుంచి కింద పక్క అరదాకా రెండు అంగుళాల పైపు ఒకటి ఇప్పుడే గోడలో వేయించండి. హెచ్‌డీఎంఐ తీగ చివర ఉండే పెద్ద కనెక్టరు ముప్పావు అంగుళం పైపులో పట్టదు, వంపు దగ్గర ఇరుక్కుంటుంది. కరెంటు వైరునూ ఈ తీగలనూ ఒకే పైపులో తోయనివ్వవద్దు.

సిరొంచ_గోదారి
మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. గోదావరి, ప్రాణహిత కలిసే చోట ఉండే మాకు ఏడాదిలో ఎక్కువ రోజులు వేడి తగ్గించుకోవడమే పని కనుక ఈ చర్చ చదువుతుంటే చలిదేశం కబురు విన్నట్టు ఉంది. ఒక చిన్న ప్రశ్న: హీటరు ఆపేసి మంట మాత్రమే చూసుకుంటే కరెంటు ఎంత అవుతుంది? వానాకాలం సాయంత్రాలు అందం కోసమైనా ఒకటి పెట్టుకోవాలని మా అబ్బాయి అడుగుతున్నాడు.

వైరింగ్_సూరి
మంట ఒక్కటే అయితే ఎల్‌ఈడీ దీపాలు, ఒక చిన్న మోటారు తిరిగే ఖర్చే; ఒకటి రెండు బల్బులు వెలిగించినంత. మీ ఊరికి హీటరు లేని మోడల్ తీసుకున్నా నష్టం లేదు.

రాయగడ_రమణ
నేను ఖర్చు గురించి మాట్లాడతాను. రెండు కిలోవాట్ల హీటరు రోజుకు మూడు గంటలు నడిస్తే ఆరు యూనిట్లు, నెలకు 180 యూనిట్లు. స్లాబు పెరిగినకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కనుక చలికాలంలో నెలకు వెయ్యి రూపాయల దాకా అదనంగా వస్తుందని అనుకోవచ్చు. మీకు మంజూరైన లోడు ఎంతో బిల్లులో చూసుకుని, గీజరు, హీటరు కలిసి దాన్ని దాటేట్టయితే ముందుగానే లోడు పెంపునకు దరఖాస్తు పెట్టండి.

వేడే ముఖ్యమైతే హాట్ అండ్ కోల్డ్ ఏసీ మేలు. కాయిలు హీటరు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడి మాత్రమే ఇస్తుంది. ఈ ఏసీ బయటి గాలిలోని వేడిని లోపలికి లాగుతుంది కనుక అదే ఒక యూనిట్‌కు మూడు యూనిట్ల దాకా వేడి ఇవ్వగలదు. మంట బొమ్మ కింద ఉంచుకోండి, వేడి పని ఏసీకి అప్పగించండి. అప్పుడు టీవీకి వేడి తగులుతుందన్న దిగులే ఉండదు.

సునాబెడ_క్వార్టర్స్
రమణగారి మాటకు ఒకటి కలుపుతాను. మన వైపు సాయంత్రాలు అందరూ గీజర్లు వేసేసరికి వోల్టేజీ పడిపోతూ ఉంటుంది. 230 దగ్గర 2000 వాట్లు ఇచ్చే కాయిలు 190 వోల్టుల దగ్గర సుమారు 1365 వాట్లే ఇస్తుంది, ఎందుకంటే వోల్టేజీ తగ్గిన నిష్పత్తికి వర్గం చొప్పున వేడి తగ్గుతుంది. చలి బాగా ఉన్న రాత్రే హీటరు నీరసిస్తుందన్నమాట. ఇంట్లోని ఇన్వర్టరు మీద దీన్ని నడపాలని కూడా అనుకోవద్దు.

కొండగాలి_సెమిలిగుడ
అందరికీ ధన్యవాదాలు. ఒక విషయం ముందే చెప్పి ఉండవలసింది. మా అత్తగారు మాతోనే ఉంటారు. ఆమెకు చలికాలంలో కుంపటి దగ్గర కూర్చునే అలవాటు. రాత్రి తలుపులు వేసుకుని గదిలోనే బొగ్గుల కుంపటి పెట్టుకుంటారు. ఆ బొగ్గులు మాన్పించడం కోసమే మేము ఈ ఫైర్‌ప్లేస్ అనుకున్నాం. ఏసీ గాలి తనకు పడదని ఆమె అంటున్నారు. కళ్ల ముందు ఎర్రగా ఏదో ఒకటి కనిపిస్తేనే చలి తీరినట్టు ఉంటుందట.

బరంపురం_ఫిజియో
కుంపటి మాన్పించాలన్న మీ ఆలోచన చాలా మంచిది. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు; నిద్రలో ఉన్న మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ఇల్లు పూర్తయ్యేదాకా ఆగకుండా, ఈ రాత్రి నుంచే ఆమె గదిలో కిటికీ ఒక రెక్కైనా తెరిచి ఉంచండి, నిద్రపోయే ముందు కుంపటి బయట పెట్టించండి.

ఇక మెడ సంగతి. సునాబెడవారు వేసిన 5 డిగ్రీల లెక్క సోఫాలో కూర్చున్నవారికే సరిపోతుంది. చలి కాచుకునే మనిషి సోఫాలో కూర్చోరు. పీట లాక్కుని మంట దగ్గరికి జరుగుతారు. మంటకు నాలుగు అడుగుల దూరంలో ఎత్తు తక్కువ పీట మీద కూర్చుంటే కన్ను 30 అంగుళాల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి అదే తెర మధ్య భాగం చూడడానికి 24 డిగ్రీలు తల ఎత్తాలి. పెద్దవయసులో మెడ ఎముకలు అరిగినవారికి తల అలా వెనక్కి వాల్చి ఉంచడం వల్ల నొప్పి, కొందరికి తల తిరుగుడు వస్తాయి. సీరియల్ చూస్తూ చలి కాచుకోవడం ఆమె సాయంత్రపు కార్యక్రమం అయితే, మీరు కొలవవలసింది ఆ పీట దగ్గరి నుంచే.

సునాబెడ_క్వార్టర్స్
ఫిజియోగారు చెప్పినది ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. మంట మనిషిని దగ్గరికి పిలుస్తుంది, టీవీ దూరంగా కూర్చోమంటుంది. రెండూ ఒకే గోడ మీద ఉన్నప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు తప్పు చోట కూర్చుంటారు. కాబట్టి అత్తగారికి సోఫా ఎత్తున ఉండే చేతుల కుర్చీ ఒకటి, ఏడు అడుగుల దూరంలో కాస్త పక్కగా శాశ్వతంగా వేయండి. ఆ కుర్చీ పక్కనే నూనె నింపిన రేడియేటరు చిన్నది ఒకటి ఉంచండి. దానికి ఫ్యాను ఉండదు, గాలి మొహానికి కొట్టదు, ఎర్రటి కాయిలు బయటికి కనిపించదు కనుక కొంగు తగిలి అంటుకునే భయమూ లేదు. వేడి ఆమె కాళ్ల దగ్గరికే వస్తే పీట జరుపుకోవలసిన అవసరం ఉండదు. ఎర్రని మంట ఎదురుగా గోడలో కనిపిస్తూనే ఉంటుంది. అయితే ఆ రేడియేటరుకూ విడిగా 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి, ఫైర్‌ప్లేస్ లైను నుంచి కొమ్మ లాగవద్దు.

కోరాపుట్_శర్మ
అగ్నికి ఆగ్నేయ దిక్కు ప్రశస్తమని పెద్దలు చెబుతారు. మీ పొడవు గోడ ఏ దిక్కున ఉందో చూసుకున్నారా?

కొండగాలి_సెమిలిగుడ
శర్మగారూ, అది దక్షిణపు గోడ. ఫైర్‌ప్లేస్‌ను గోడ మధ్యలో కాకుండా తూర్పు వైపుకు జరిపితే ఆగ్నేయానికి దగ్గరవుతుంది, కానీ టీవీ కూడా జరగాలి.

కోరాపుట్_శర్మ
రెండూ కలిపి మూడడుగులు తూర్పుకు జరపండి. పడమటి వైపు మిగిలిన గోడలో పుస్తకాలకు, సెట్‌టాప్ బాక్సుకు అరలు వస్తాయి. మీ మనసుకూ తృప్తి, గదికీ నష్టం లేదు.

వైరింగ్_సూరి
ఆ ఏర్పాటు నాకూ నచ్చింది. సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు మంట పైన పలక మీద పెట్టకూడదు. పక్క అరలే వాటికి సరైన చోటు. ఒక హెచ్చరిక: తూర్పు చివరన బయటి గోడకు వాన చెమ్మ దిగుతుందేమో ఈ ఏడు వానలకు చూశారా? కోరాపుట్ వానలకు తడిసే గోడలో కరెంటు పెట్టెలు పెట్టవద్దు. చెమ్మ ఉంటే ముందు బయటి వైపు వాటర్‌ప్రూఫింగు చేయించాలి.

పర్లాకిమిడి_పద్మ
నీటి ఆవిరితో మంట చూపించే రకం కూడా ఒకటి ఉంది. నిజమైన పొగలా పైకి లేస్తుంది, అందులో అందం ఎక్కువ. అది ఎవరైనా వాడారా?

వైరింగ్_సూరి
పద్మగారూ, అందులో అల్ట్రాసోనిక్ పరికరం నీటిని ఆవిరిలా కనిపించే సన్నని తుంపరగా మార్చుతుంది, దాని మీద వెలుగు పడి మంటలా కనిపిస్తుంది. చిత్రం కింద పెట్టుకునే మీ గోడకు పనికివస్తుందేమో కానీ టీవీ కింద నేను పెట్టను. తేమ పైకే పోతుంది, బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుంది.

కొండగాలి_సెమిలిగుడ
ఇప్పుడు మేము అనుకున్నది ఇది. ఫైర్‌ప్లేస్ నేల నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తున, గాలి ముందు వైపు కింద నుంచి వచ్చే మోడల్. దాని మీద ఎనిమిది అంగుళాల లోతు పలక. టీవీ కింది అంచు 38 దగ్గర. రెండూ తూర్పుకు మూడడుగులు జరుగుతాయి. అత్తగారికి చేతుల కుర్చీ, రేడియేటరు. సిమెంటు బోర్డు గురించి వడ్రంగిని ఒప్పించాను. టీవీ కింద సౌండ్‌బార్ పెట్టుకోవచ్చా అన్నది మిగిలింది.

సునాబెడ_క్వార్టర్స్
పలక మీద పెట్టుకోండి, గాలి కింద నుంచి ముందుకు పోతుంది కనుక ఇబ్బంది ఉండదు. అయితే టీవీ బిగించేముందు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. టీవీ కింది అంచు వచ్చే చోట గోడకు ఒక థర్మామీటరు అంటించి, హీటరును పూర్తి వేడి మీద గంటసేపు నడపండి. జ్వరం చూసేది కాదు, గది ఉష్ణోగ్రత చూపే రకం. ఒక సన్నని కాగితపు ముక్కను పలక అంచు దగ్గర పట్టుకుంటే గాలి ఎటు తిరుగుతోందో కూడా కనిపిస్తుంది. కాగితం గదివైపు ఊగితే సరే. పైకి, గోడవైపు ఊగితే పలక లోతు రెండు అంగుళాలు పెంచించండి. థర్మామీటరు 35 దాటకపోతే నిశ్చింతగా టీవీ బిగించవచ్చు.

వైరింగ్_సూరి
ఆ పరీక్ష చేసేటప్పుడే పది నిమిషాలకోసారి సాకెట్టునూ ప్లగ్గునూ చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు; చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే బిగింపు వదులుగా ఉందని అర్థం, వెంటనే ఎంసీబీ దించి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ప్లాస్టరింగుకు ముందు పైపులు వేసిన గోడను ఫొటో తీసి పెట్టుకోండి. బ్రాకెట్‌కు రంధ్రాలు కొట్టే రోజున అది పనికివస్తుంది.

కొండగాలి_సెమిలిగుడ
సోమవారం ఎలక్ట్రీషియన్ వస్తున్నారు. నాలుగు స్క్వేరు వైరు, రెండంగుళాల పైపు, రేడియేటరుకు విడి సాకెట్టు, ఈ మూడూ కాగితం మీద రాసి ఇస్తున్నాను. పైపులు వేశాక ఫొటో ఇక్కడే పెడతాను, ఏదైనా వంపు తప్పుగా ఉంటే పూత పడకముందే చెప్పండి.